ఇవ్వని వరస

ముసలివాళ్ళకీ, ఒంట్లో శక్తి ఉడిగినవాళ్ళకీ నెలకింత అని పింఛను ఇవ్వాలని మా ప్రభుత్వం వారు చాలా ఏళ్ళు ఆలోచించి చివరికి నిర్ణయించారు. నిర్ణయించిన మర్నాడే వాళ్ళకొక అనుమానం పుట్టింది. లేనివాళ్ళకి డబ్బిస్తే వాళ్ళకి మేలు జరుగుతుందనడానికి రుజువేమిటి?

నిధులిచ్చే పెద్దలకి ఈ అనుమానం తెగ నచ్చింది. రుజువు లేకుండా ఖర్చు పెట్టి ఆనక మాట పడటం ఎవరికి మాత్రం ఇష్టం? అందుకని కనీస సామాజిక రక్షణ నిర్ధారణ మండలి అని ఒకటి ఏర్పడింది. వచ్చిన నిధిలో పావు వంతు పింఛన్లకి కేటాయించారు. మిగతా ముప్పావు, ఆ పావు వంతు వల్ల ఏం జరుగుతుందో చూడటానికి కేటాయించారు. అలా చూడటానికి రాష్ట్రమంతా గాలించి మా జమ్మిగుంపుని ఎంచుకున్నారు. నేను ఆ ఊరి పంచాయతీ కార్యదర్శిని. జరిగిందంతా దగ్గరుండి చూసినవాణ్ణి.

మండలి అధ్యక్షులు డాక్టర్ చిదానందంగారు వచ్చిన రోజు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించాను. ఆయన సన్నగా, పొడుగ్గా ఉంటారు. గొంతు మెత్తన. ఎవరి మీదా విసుక్కోరు. మైకు అందుకుని ఇలా సెలవిచ్చారు.

"సోదరీ సోదరులారా, మన ముందున్న మౌలిక ప్రశ్న ఒక్కటే. పేదలకు నగదు అందజేసిన పక్షంలో వారి స్థితిగతులయందు సానుకూల మార్పు సంభవించునా, సంభవించదా?"

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఆదెమ్మ లేచి నిలబడింది. ఆదెమ్మ విస్తళ్ళు కుట్టి అమ్ముకుని బతికే ముసలమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఒక కంట్లో పొర కమ్మింది.

"ఇచ్చి చూడండి బాబూ, తెలిసిపోద్ది," అంది.

చిదానందంగారు పరమానందపడ్డారు. "సరిగ్గా అదేనమ్మా! అయితే ఇచ్చి చూస్తే చాలదు. ఇవ్వకుండా కూడా చూడాలి. అప్పుడే ఇచ్చినదాని విలువ తేలుతుంది."

"ఇవ్వకుండా ఇన్నాళ్ళూ చూశారు గదండీ?"

"చూశాం. కానీ శాస్త్రీయంగా చూడలేదు," అన్నారాయన.

మా ఊరి పెద్ద వీధిలో ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళున్నాయి. రెండింట్లోనూ ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్ళే. ఒక వరస వాళ్ళకి పింఛను ఇస్తారు, రెండో వరస వాళ్ళకి ఇవ్వరు. కొంత కాలం పోయాక రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. ఏ వరసకి ఇవ్వాలో ఎవరి ఇష్టాన్ని బట్టీ ఉండకూడదు కాబట్టి రూపాయి బిళ్ళ ఎగరేయాలన్నారు. ఆ పని సర్పంచి తిరుపాలుకి అప్పగించారు. తిరుపాలు బిళ్ళని కళ్ళకద్దుకుని ఎగరేశాడు. అది తూర్పు వరసకి పడింది. తిరుపాలు మేడ పడమటి వరస చివర ఉంది. మేడ ఉన్నవాడు గనక అతనికి ఎలాగూ పింఛను రాదు, అయినా ఆ రోజంతా ఇంట్లోవాళ్ళ చేత మాట పడ్డాడు.

తూర్పు వరసకి ప్రదాన శ్రేణి అనీ, పడమటి వరసకి అప్రదాన శ్రేణి అనీ పేర్లు పెట్టి బోర్డులు పాతారు. అంత పెద్ద మాటలు నోరు తిరక్క మావాళ్ళు ఇచ్చే వరస, ఇవ్వని వరస అన్నారు. ఆదెమ్మది ఇవ్వని వరస.

"మేమేం తప్పు చేశాం బాబూ?" అని అడిగింది ఆదెమ్మ.

"తప్పేమీ లేదమ్మా. నిజానికి మీ పాత్రే గొప్పది. వాళ్ళు కేవలం తీసుకుంటారు. మీరు శాస్త్రానికి తోడ్పడతారు," అని చిదానందంగారు ఆవిడకి నమస్కారం పెట్టి కారెక్కారు.

ఆదెమ్మ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు ఆవిడ తోడికోడలు మహలక్ష్మమ్మది. ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు, ఇద్దరూ మొగుళ్ళు పోయినవాళ్ళే. మహలక్ష్మమ్మ మిరపకాయల యార్డులో తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఆ ఘాటుకి ఎప్పుడూ దగ్గుతూ ఉంటుంది. ఆదెమ్మ ఇంట్లో అన్నం వండితే మహలక్ష్మమ్మ ఇంట్లో కూర వండేవాళ్ళు. పొద్దుగూకగానే ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని కలిసి తినేవాళ్ళు. విడివిడిగా వండుకుంటే పొయ్యి కిందకి పుల్లలు రెట్టింపు అవుతాయి, తినేటప్పుడు పోట్లాడుకోవడానికి ఎవరూ ఉండరు అనేది మహలక్ష్మమ్మ.

మొదటి నెల పింఛను రాగానే మహలక్ష్మమ్మ చేపలు కొంది. పులుసు పెట్టింది. గిన్నె చెంగుతో పట్టుకుని వీధి దాటుతుండగా ఈల మోగింది.

ఈల ఊదింది హరనాథ్. మండలి వారి కాలుష్య నివారణ అధికారి. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, ఎండా వానా అని లేకుండా గొడుగు వేసుకుని వీధి మధ్యలో నిలబడేవాడు. ఒకరి మీద అరవడం ఆయనకి చేతకాదు. అందుకే ఈల ఇచ్చినట్టున్నారు.

"ఏంటమ్మా అది?" అన్నాడు.

"చేపల పులుసు."

"ఎవరికి?"

"మా చెల్లెలికి."

"ఆవిడ అప్రదాన శ్రేణి కదమ్మా."

"కాదు బాబూ, మా మరిది పెళ్ళాం."

హరనాథ్ గొడుగు మూసి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. "చూడమ్మా, పింఛను డబ్బుతో నువ్వు చేపలు కొన్నావు. ఆ పులుసు ఆవిడ తింటే ఆవిడకి కూడా పింఛను అందినట్టే. అప్పుడు ఆవిడ పేదరికం కలుషితమైపోతుంది."

"దాని పేదరికానికేం కాదులే బాబూ. గట్టిది," అంది మహలక్ష్మమ్మ.

పులుసు వెనక్కి వెళ్ళింది. మర్నాడు వీధి మధ్యన పొడుగూతా సున్నంతో గీత గీశారు. గీత దాటించకూడని వస్తువులంటూ ఒక ప్రకటన నా చేతికిచ్చి నోటీసు బోర్డుకి అంటించమన్నారు. బియ్యం, పప్పు, కూర, చారు, ఉప్పు, చింతపండు, పొయ్యిలోకి నిప్పు, తలకి నూనె, కట్టి విడిచిన చీర. మజ్జిగ సంగతి రాయడం మరిచిపోయారు. దాంతో ఒక వారం పాటు తూర్పు వరస నుంచి పడమటి వరసకి మజ్జిగే మజ్జిగ. తర్వాత సవరణ వచ్చింది.

మా ఊళ్ళో గాలి తూర్పు నుంచి వీస్తుంది. తూర్పు వరసలో తాలింపు వేస్తే వాసన నేరుగా పడమటి ఇళ్ళలోకి వెళుతోందని హరనాథ్ గమనించి పైకి రాశాడు. పై నుంచి జవాబొచ్చింది. "ఆఘ్రాణం ద్వారా కలుగు తృప్తి కొలతకు అందనిది కావున ప్రస్తుతమునకు ఉపేక్షించవచ్చును. అయితే తాలింపు వేయువేళ ప్రదాన శ్రేణి వారు తలుపులు మూసికొనవలెను."

తలుపులు మూసుకుని తాలింపు వేసేసరికి తూర్పు వరసంతా దగ్గులే.

తర్వాత మాటల సమస్య వచ్చింది. మహలక్ష్మమ్మ తన అరుగు మీద నుంచి "మోకాలికి ఆవిరి పట్టించవే" అని అరిచింది. సలహా ఇవ్వడం సహాయమా కాదా? హరనాథ్ మళ్ళీ రాశాడు. సలహా అంటే సమాచార రూపంలో ఉన్న సహాయం కాబట్టి కూడదన్నారు. మరి తిట్టుకోవడం? తిట్టుకోవడంలో విలువైనదేదీ ఒకరి నుంచి ఒకరికి బదిలీ కాదు కాబట్టి తిట్టుకోవచ్చన్నారు.

ఆ పూట నుంచే తోడికోడళ్ళిద్దరూ చెరో అరుగు మీదా కూర్చుని తిట్టుకోవడం మొదలుపెట్టారు.

"ఏమే ముదనష్టపుదానా, మోకాలికి ఆవిరి పట్టించుకోవడం కూడా తెలీని మొద్దువి నువ్వు!"

"నువ్వేదో పెద్ద తెలిసినదానివి! ఆ యార్డులో మూతికి గుడ్డ కట్టుకుని చావరాదూ, దగ్గలేక చస్తున్నావు!"

"నీ గుడ్డికంటికి నా దగ్గే కనపడిందా? పొద్దున్నే అన్నం తిన్నావా లేదా తగలడ్డమొహమా?"

"తినలేదు, ఏం చేస్తావు!"

వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. హరనాథ్ మాత్రం "బదిలీ శూన్యం" అని రాసుకునేవాడు. కొన్నాళ్ళకి వీధి వీధంతా ఇదే పద్ధతి. ఆరోగ్యాలు కనుక్కోవడం, పెళ్ళి సంబంధాలు చెప్పుకోవడం, పండగకి పిలుచుకోవడం అన్నీ తిట్లలోనే జరిగాయి. కొత్తగా ఊళ్ళోకొచ్చిన బస్సు కండక్టరు ఒకడు ఇదంతా విని, మా ఊళ్ళో కక్షలు ఎక్కువని చెప్పి స్టాపు రెండు ఫర్లాంగులు అవతలికి మార్పించాడు.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున మహలక్ష్మమ్మ యథాప్రకారం అరుగు మీదకొచ్చి "లేచావా దరిద్రపుదానా?" అంది. ఎదురింటి నుంచి జవాబు లేదు. ఇంకా పెద్ద తిట్టు తిట్టింది. జవాబు లేదు. ఆదెమ్మ వాకిట్లో చిమ్మిన గుర్తు లేదు. పొయ్యి పొగ లేదు. మహలక్ష్మమ్మ నాలుగంగల్లో గీత దాకా వచ్చి ఆగింది.

"బాబూ, అది పలకడం లేదు. లోపలికెళ్ళి చూడు," అంది.

అప్పుడే అటొచ్చిన నేనూ, హరనాథూ వెళ్ళాం. ఆదెమ్మ చాప మీద మూలుగుతోంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నుదుటి మీద చెయ్యేస్తే కళ్ళు తెరిచి "అక్క ఏది?" అంది. హరనాథ్ బయటికొచ్చి చిదానందంగారికి ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా పెట్టమని నేనే అన్నాను.

"సార్, అప్రదాన శ్రేణి సభ్యురాలు ఒకరు తీవ్ర జ్వరంతో ఉన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళమంటారా?"

"మన ప్రమేయం ఉండరాదు హరనాథ్. మనం లేకపోతే సహజంగా ఏం జరిగేదో అదే జరగనివ్వండి."

గీత అవతలి నుంచి మహలక్ష్మమ్మ గట్టిగా అంది. "సహజంగా అయితే ఈపాటికి నేను దాన్ని ఆసుపత్రిలో చేర్పించేదాన్నయ్యా!"

చిదానందంగారు ఆలోచించారు. "అది పథకానికి పూర్వపు సహజం," అన్నారు చివరికి. "ప్రస్తుతం అమలులో ఉన్న సహజం వేరు."

మహలక్ష్మమ్మ ఆ మాట పూర్తిగా వినలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి గీత దాటేసింది. హరనాథ్ ఈల నోటి దాకా తీసుకెళ్ళాడు. వీధంతా ఆయన్నే చూస్తోంది. ఆయన ఈలని జేబులో పెట్టుకుని, వెళ్ళి జీపు తెచ్చాడు. ముగ్గురం కలిసి ఆదెమ్మని ఎక్కించాం. మహలక్ష్మమ్మ వెనక సీట్లో కూర్చుని ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగూతా తిడుతూనే ఉంది. ఏడుస్తూ తిట్టింది. అవి మాత్రం నిజం తిట్లే. చెప్పకుండా జ్వరం తెచ్చుకున్నందుకు.

ఆసుపత్రిలో డాక్టరు ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు. హరనాథ్ తన నివేదికలో ఈ సంఘటనని "అప్రదాన శ్రేణి సభ్యురాలి దేహ ఉష్ణోగ్రత సేకరణ నిమిత్తం క్షేత్ర పర్యటన" అని రాశాడు.

కానీ విషయం దాగలేదు. గీత దాటినందుకు మహలక్ష్మమ్మకి ఒక నెల పింఛను ఆపేశారు. ఇలాంటిది మళ్ళీ జరక్కుండా పడమటి వరస మొదలు నుంచి చివరి దాకా కాపలా పెట్టాలని మండలి తీర్మానించింది. ఆ వరసకి ఎవరూ ఏమీ ఇవ్వకుండా చూడటానికి పరిశీలకులు వచ్చారు. పరిశీలకులు సరిగ్గా చూస్తున్నారో లేదో చూడటానికి పర్యవేక్షకులు వచ్చారు. వాళ్ళ లెక్కలు సరిచూడటానికి పట్నం నుంచి కుర్రకారు కంప్యూటర్లతో దిగారు.

ఇంతమందికీ పొద్దున్నే టీ కావాలి. మా ఊళ్ళో హోటల్ లేదు. ఎవరి ఇంట్లో తాగాలన్నది ప్రశ్న అయింది. తూర్పు వరసలో తాగి డబ్బిస్తే, వాళ్ళు బాగుపడింది పింఛను వల్లో టీ వల్లో తేలదు. పడమటి వరసలో తాగితే వాళ్ళకి డబ్బిచ్చినట్టవుతుంది. మండలి కూర్చుని మధ్యాహ్నం దాకా చర్చించి ఇలా తేల్చింది. "క్రయవిక్రయము సహాయము కాదు. అది విపణి. కావున సిబ్బంది తమకు కావలసిన సమస్తమును పడమటి వరస నుండి కొనుగోలు చేయవచ్చును."

ఆదెమ్మ అప్పటికి ఆసుపత్రి నుంచి వచ్చి గోడకి ఆనుకుని విస్తళ్ళు కుట్టుకుంటోంది. పరిశీలకుడొకడు వచ్చి "అవ్వా, తినడానికేమైనా ఉందా?" అన్నాడు. ఆవిడ తనకోసం వేసుకున్న ఇడ్లీలు పెట్టింది. తను కుట్టిన విస్తట్లోనే పెట్టింది. మర్నాడు నలుగురొచ్చారు. నెల తిరిగేసరికి ఆదెమ్మ ఇంటి ముందు పందిరి లేచింది, బల్లలొచ్చాయి, పిండి రుబ్బడానికి పక్కింటి ఆవిడ జీతానికి కుదిరింది.

వరసంతా అలాగే అయింది. ఒకరు బట్టలు ఉతికిపెట్టారు. ఒకరు ముందుగది అద్దెకిచ్చారు. తిరుపాలు మేడ మీద పర్యవేక్షకులు దిగారు. ఏ సాయమూ సోకని స్వచ్ఛమైన పేదరికం మా ఊళ్ళో ఉందని బయట తెలిసి, దాన్ని చూడటానికి విదేశాల నుంచి కూడా విద్వాంసులు వచ్చారు. వాళ్ళు పడమటి వరసలో నడుస్తూ, కొత్తగా రంగులేసిన గోడలు చూసి తలలాడిస్తూ, ఆదెమ్మ దగ్గర కారప్పొడి ఇడ్లీ తిని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆ కళ్ళనీళ్ళు జాలివని పరిశీలకులు రాసుకున్నారు. ఆ ఏడే ఆదెమ్మ తన డబ్బుతో కంటికి ఆపరేషన్ చేయించుకుంది.

ఒకరోజు ఆవిడ హరనాథ్‌ని అడిగింది. "బాబూ, అవతలి నుంచి ఇటు రాకూడదు, సరే. ఇటు నుంచి అటు పోవచ్చా? మా అక్కకి నాలుగు ఇడ్లీలు పంపాలి."

హరనాథ్ నిబంధనలన్నీ తిరగేశాడు. దీని గురించి ఎక్కడా లేదు. పైకి రాస్తే జవాబొచ్చింది. "అప్రదాన శ్రేణి వారి వద్ద ఇచ్చుటకేమియు ఉండదు. లేనిదానిని ఇచ్చుట అసంభవము. అసంభవమునకు నిబంధన అనవసరము."

అంటే పంపవచ్చన్నమాట. అప్పట్నుంచీ ఆదెమ్మే రోజూ మహలక్ష్మమ్మకి టిఫిను పంపేది. మహలక్ష్మమ్మ తిని, "ఇవేం ఇడ్లీలే, రాళ్ళు!" అని అక్కడి నుంచే తిట్టేది. ఇంకో రెండు పంపమని దానికి అర్థం.

తూర్పు వరసవాళ్ళకి మాత్రం మనసు మనసులో లేదు. పింఛను వస్తోంది, దాంతో మందులు కొనుక్కుంటున్నారు, రెండో పూట అన్నం తింటున్నారు. కానీ ఎదురుగా పందిళ్ళూ రంగులూ కనపడుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? వాళ్ళంతా కలిసి నా దగ్గరికొచ్చారు. "అయ్యా, మా పింఛను మీరే ఉంచుకోండి. మమ్మల్ని ఇవ్వని వరసలో కలపండి," అన్నారు. నేను సిఫారసు రాసి పంపాను. పడిన బిళ్ళని మళ్ళీ ఎగరేయడం శాస్త్రవిరుద్ధమని తిరిగొచ్చింది.

చివరికి ఫలితాల రోజు వచ్చింది. ఈసారి షామియానా వీధి వెడల్పునా వేయించాం. సంక్షేమ మంత్రిగారు కూడా వచ్చారు. చిదానందంగారు తెర మీద రెండు గీతలు చూపించారు. ఒకటి కొంచెం పైకి లేచింది. రెండోది తాటిచెట్టులా లేచింది.

"ప్రదాన శ్రేణి వారి స్థితి స్వల్పంగా మెరుగుపడింది," అన్నారు. "అప్రదాన శ్రేణి వారి స్థితి అంతకు నాలుగింతలు మెరుగుపడింది. వారి ఇండ్లు చూడండి. వారి ఆహారం చూడండి. ఒకామెకు చూపు సైతం తిరిగి వచ్చింది! మిత్రులారా, ఇవ్వడం వల్ల కొంత మేలు జరుగుతుంది. ఇవ్వకపోవడం వల్ల అపారమైన మేలు జరుగుతుంది. ప్రపంచంలో ఈ సత్యాన్ని నిరూపించిన మొదటి గ్రామం మీది."

మంత్రిగారు లేచి చప్పట్లు కొట్టారు. ఇంతకాలం తమ ప్రభుత్వం ఏమీ ఇవ్వకుండా ఎంత మేలు చేసిందో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

తిరుపాలు ఉండబట్టలేక నిలబడ్డాడు. "అయ్యా, పడమటివాళ్ళు బాగుపడింది మీవాళ్ళు తిన్న ఇడ్లీల వల్లండీ. మీవాళ్ళు కట్టిన అద్దెల వల్లండీ."

చిదానందంగారు విసుక్కోలేదు. మెత్తగా అన్నారు. "మా ప్రశ్నావళిలో ఇడ్లీలు లేవు సర్పంచిగారూ."

హరనాథ్ కూడా ఏదో చెప్పబోయి లేచాడు. ఆయన సేవలను మెచ్చుకుంటూ వేదిక మీదే ఆయనకి పదోన్నతి ప్రకటించారు. దూర జిల్లాకి. ఆయన శాలువా కప్పించుకుని వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు గొడుగు పిడి వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఆ నెల నుంచే తూర్పు వరసకి పింఛను ఆగింది. రాష్ట్రమంతటా సార్వత్రిక అప్రదాన పథకం అమల్లోకొచ్చింది. పింఛన్లకని వేరుగా ఉంచిన పావు వంతు కూడా మిగిలిపోవడంతో, నిధి మొత్తం పథకం నిర్వహణకే దక్కింది. జిల్లాకొక అప్రదాన అధికారి, మండలానికొక ఉప అప్రదాన అధికారి వచ్చారు. ఎవరికి ఇవ్వకూడదో తేల్చడం తేలికైన పని కాదు. ఉన్నవాళ్ళకి ఇవ్వకపోతే అది పథకం కిందికి రాదు. కాబట్టి పేదవాళ్ళమని రుజువు చూపించి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకే ఇవ్వరు.

ప్రారంభోత్సవం మా ఊళ్ళోనే. తొలి లబ్ధిదారు మహలక్ష్మమ్మ. మంత్రిగారు తన బొమ్మ ఉన్న చక్కటి కవరు ఆవిడ చేతిలో పెట్టారు. మహలక్ష్మమ్మ కవరు విప్పి లోపల చూసింది. తలకిందులు చేసి దులిపింది.

"ఇందులో ఏమీ లేదు బాబూ," అంది మైకులో.

"అదేనమ్మా! ఇక ప్రతి నెలా ఒకటో తారీఖున ఠంచనుగా మీ గడపలోకే వస్తుంది," అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి. మహలక్ష్మమ్మ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. అలవాటు.

మండలి వాళ్ళు మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. పరిశీలకుల్లేరు, పర్యవేక్షకుల్లేరు, విదేశీ విద్వాంసుల్లేరు. అద్దె గదులు ఖాళీ అయ్యాయి. ఆదెమ్మ పందిరి కింద బల్లల మీద కోళ్ళు పడుకుంటున్నాయి. పిండి రుబ్బే ఆవిడని మాన్పించింది. మళ్ళీ విస్తరాకులు ముందేసుకుంది. తోడికోడళ్ళిద్దరూ మళ్ళీ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. ఆ వండటానికి సరుకే రోజురోజుకీ పలచబడుతోంది.

నా ఆఫీసు ముందు మాత్రం జనం తగ్గలేదు. ఎదురింటావిడకి ఖాళీ కవరొచ్చింది, నాకెందుకు రాలేదని ఒకరు. పోయిన నెల కవరు ఆలస్యంగా వచ్చిందని ఒకరు. పోస్టుమాన్ మధ్యలో కవరు నొక్కేశాడని ఇంకొకరు. ఒకాయన తన కవరులో పొరపాటున పది రూపాయలొచ్చాయని భయపడుతూ తెచ్చి అప్పగించాడు. దాని మీద విచారణ ఇంకా నడుస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆదెమ్మ వచ్చింది. మెట్ల మీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంది.

"బాబూ, మా అక్క పేరు ఉందంట గదా. నా పేరు ఉందో లేదో చూడు."

చూశాను. లేదు. ఫలితాల నాటికి పందిరీ బల్లలూ ఉన్నాయి కాబట్టి ఆవిడ సంపన్నురాలని నమోదై ఉంది. అదే చెప్పాను.

"అంటే నేను ఇవ్వనివాళ్ళ లెక్కలో లేనన్నమాట."

"లేవవ్వా."

ఆవిడ మొహం వికసించింది. "అయితే నాకు ఇస్తారా?"

"ఇవ్వరు."

"మరి మా అక్కకి?"

"ఆవిడకీ ఇవ్వరు."

"ఇద్దరికీ ఇవ్వకపోతే ఇంక తేడా ఏముంది నాయనా?"

నిబంధనల ప్రకారం ఉన్నదున్నట్టు చెప్పడం నా బాధ్యత. "తేడా ఉందవ్వా. ఆవిడకి పథకం ప్రకారం ఇవ్వరు. నీకు ఊరికే ఇవ్వరు," అన్నాను.

ఆదెమ్మ ఆపరేషన్ అయిన కంటితో నన్ను ఎగాదిగా చూసింది. నా చొక్కా కాలరు చూసింది. ఆ పూట నేను ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న టిఫిను డబ్బా చూసింది.

"నీ జీతం వస్తోందా బాబూ?" అంది.

"రెండు నెలలుగా రావడం లేదవ్వా," అన్నాను.

"అది పథకం ప్రకారమా, ఊరికేనా?"

నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే తెలుసుకోగోరుతూ పై ఆఫీసుకి రాశాను.